చువ్వలకి పూసిన ఎరుపు

వాన వెలిసిన ఉదయం. వాలు చేను కింద కాలువలో నీళ్లు టీ రంగులో పారుతున్నాయి. కూతురు గ్లాసు చేత్తో పట్టుకుని వంటగది కిటికీ దగ్గరే నిలబడిపోయింది.

"టీ తాగుతావా, కాలువని తాగుతావా?" అంది మేనత్త.

"మన చేనే పోతోందత్తా అందులో."

బల్ల దగ్గర తండ్రి నవ్వాడు. ఆ నవ్వులో సరదా లేదు. "మట్టి పరీక్షల ఆఫీసులో కూర్చునేవాళ్లకి చేలు కాళ్లొచ్చి నడిచిపోతుంటాయి. నువ్వు పాతిన చువ్వలేమంటున్నాయమ్మా? వెంట్రుకవాసి కూడా పోలేదనేగా?"

ఆమె గ్లాసు కిటికీలో పెట్టేసింది. రెండేళ్ల క్రితం తల్లి పట్టుకుంటే తనే ఆ ఇనప చువ్వలు దిగ్గొట్టింది. పైకి జానెడు వదిలింది. మట్టి కొట్టుకుపోతే చువ్వ అంతకంటే ఎక్కువ బయటపడాలి. అలా బయటపడితే వాలుకి అడ్డంగా దున్నుతాననీ, మధ్యమధ్య గడ్డి వరసలు వదులుతాననీ తండ్రి ఒప్పుకున్నాడు. లేకపోతే తన చేను ఊసు ఆమె మళ్లీ ఎత్తకూడదు. ఆ తర్వాత కొద్ది నెలలకే తల్లి పోయింది. ఏ వాన తర్వాత కొలిచినా అదే జానెడు.

"ఇవాళ దున్నుతున్నాను," అన్నాడు తండ్రి. "పైనుంచి కిందికి, దారం పట్టినట్టు. వంకర్లు తిప్పితే రోడ్డు మీద పోయేవాళ్లు తాగి దున్నాడనుకుంటారు."

"అయితే నా చువ్వలు పీకేసుకుంటాను. మీ దారానికి అడ్డమెందుకు?"

"చదువుకి అలకొకటి," అని గొణిగాడు.

ఆమె గునపం తీసుకుని చేలోకి నడిచింది. మొదటి చువ్వ పక్కన గునపం దించిందో లేదో, వెనక నుంచి తండ్రి కేక.

"ముట్టుకోకు! మీ అమ్మ నాకప్పజెప్పిన చువ్వలవి!"

"అప్పజెప్పిందా? వాటిని చూస్తేనే మీకు వెటకారం కదా?"

"నాకు వెటకారమే. దానికి కాదుగా. మంచం మీద నుంచి కూడా అదే మాట. అమ్మాయి చువ్వలు జానెడే పైకుండాలి, చూసుకోమంది. వాన పడ్డప్పుడల్లా దరిద్రపు చువ్వలు పైకి లేస్తూనే ఉన్నాయి. సుత్తి తెచ్చి దిగ్గొడుతూనే ఉన్నాను. రాత్రి వానకి లేచినవే ఇంకా కొట్టలేదు. నీకేం తెలుసు?"

కూతురు చేతిలో గునపం ఆగిపోయింది. "దిగ్గొట్టారా?"

"మరి వదులైపోతే?"

"చువ్వలెక్కడైనా పైకి లేస్తాయా నాన్నా! బుద్ధుండే చేశారా? నేలే దిగిపోయింది. మీరు కొట్టిన ప్రతి దెబ్బా..." ఆమె గునపం కింద పడేసింది. "రెండేళ్ల కొలతలు మట్టిలో కలిపారు."

  ఆయన నెమ్మదిగా మోకాళ్ల మీద కూర్చుని చువ్వకంటిన తడిమట్టి వేళ్లతో గీకాడు.

"పాతే ముందు తుప్పు పట్టకుండా మీ అమ్మ వీటికి రంగు పూసింది," అన్నాడు. "తలుపులకి వేయగా మిగిలిన ఎరుపు. భూమిలో ఉండే భాగానికే."

ఆమె కూడా పక్కన కూర్చుంది. ఎరుపు నేల దగ్గర మొదలవ్వలేదు. గీకగా గీకగా నేలకి పైనే కనిపించింది. ఆయన రెండు వేళ్లు అడ్డం పెట్టాడు. ఎరుపు అంచుకీ నేలకీ మధ్య ఆ వేళ్లు సరిగ్గా పట్టాయి.

"ఇంత పోయిందా?"

"రాత్రి ఒక్క వానకే ఇంత పోయింది నాన్నా."

ఆయన రంగు అంచుని చొక్కా కొసతో తుడిచాడు. అంచు తిన్నగా లేదు. అలలా పైకీ కిందికీ పోయింది.

"అప్పటికే చెయ్యి వణుకుతోంది దానికి," అన్నాడు. "బ్రష్షు పట్టుకోవడం కూడా రాదని నవ్వాను." కళ్లు తుడుచుకోబోతే వేళ్లకున్న మట్టి చెంపకంటింది. కూతురు తన కొంగుతో తుడిచింది.

గట్టు మీద నుంచి మేనత్త అరిచింది. "దున్నుతావా, చువ్వలకి పూజ చేస్తావా తమ్ముడూ?"

ఆయన లేచాడు. ట్రాక్టరు వైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"నువ్వు ముందు నడు. నీ వెనకే తోలతాను."

"వంకరగా వస్తుంది నాన్నా. రోడ్డు మీద వాళ్లు నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ," అన్నాడు, ఎర్రటి వంకర అంచు వైపు చూస్తూ. "నేను నవ్వలేదూ?"