రామసుబ్బమ్మ కణాలు

"పోలీసులను పిలిచేలోపల మీరొకసారి రావల్ల, భద్రమ్మక్కా!"

ఫోన్లో డాక్టర్ వనజాక్షి తొందరపెడుతోంది. అది 2006 వేసవి. అనంతపురంలో ప్రైవేటు డిటెక్టివ్ భద్రమ్మ, సహాయకుడు సాయిగణేష్ అప్పుడే ఆఫీసు తెరిచారు.

కణితి నుంచి క్యాన్సర్ ఒంట్లోకి పాకడం ఎలా మొదలవుతుందో తెలుసుకోవడం వనజాక్షి పరిశోధన. తాడిపత్రి రామసుబ్బమ్మ అనే రోగి కణితి నుంచి తీసిన కణాలను ఆమె డిష్షుల్లో జెల్ పోసి చిన్న ఉండలుగా పెంచుతోంది. ఆ డిష్షులన్నీ, వాటిని ఒంటివేడిలో ఉంచే, తాళం వేసిన ఇంక్యుబేటర్ నుంచి మాయమయ్యాయి.

"మళ్లీ పెంచలేవా?" ల్యాబుకు వచ్చిన భద్రమ్మ అడిగింది.

"ఆయమ్మ చనిపోయింది. యాడ్నుంచి తెచ్చేదక్కా?"

తాళంచెవులు వనజాక్షి కాక ఇద్దరి దగ్గరే ఉన్నాయి: ల్యాబు డైరెక్టర్ మల్లికార్జునయ్య, జూనియర్ పరిశోధకుడు హర్ష.

"హర్షకు బెంగళూరులో ఉద్యోగం వచ్చినాది. వాడే ఆడికి చేర్చింటాడు," అన్నాడు డైరెక్టర్.

హర్షను భద్రమ్మ విడిగా అడిగింది.

"నేను ముట్టలేదు మేడం. మిషను వేడెక్కుతాండాదని సారుకు చెప్పినా. చూద్దాంలే అన్న్యాడు."

భద్రమ్మ జ్వరం చూసే థర్మామీటరును ఇంక్యుబేటర్‌లో పెట్టింది. మిషను మీద అంకె మామూలు ఒంటివేడినే చూపిస్తోంది. పాదరసం మాత్రం నూటనాలుగు దాటింది.

మేడమీద తాళం వేసిన గది బయట, కింది ఇంక్యుబేటర్‌కు ఉన్నట్టే ఒక గ్యాస్ సిలిండరు ఉంది. దాని గొట్టం గోడలోంచి లోపలికి పోయింది.

"లోపలేముంది సార్?"

"పాత ఇంక్యుబేటర్. చెడిపోయి ఏండ్లయింది," అన్నాడు డైరెక్టర్.

వరండా అంతా ఎర్రదుమ్ము. సిలిండరు మీద మాత్రం లేదు.

భద్రమ్మ అందరినీ ఆ గది ముందుకే పిలిచింది.

"చెడిపోయిన మిషనుకు కొత్త గ్యాసు ఎందుకు సార్? కింది మిషను వేడికి కణాలు చస్తాయని మీకు తెలిసింది. ఇంకా పనిచేస్తాండే ఈ మిషనులోకి మార్చినారు. కింది దాన్ని రిపేరు చేయించి గుట్టుగా తిరిగి పెట్టాలనుకున్న్యారు. అంతలో వనజాక్షి దొంగతనమని కేకలేసింది. నిజం చెప్తే, హర్ష హెచ్చరించినా పట్టించుకోలేదని బయటపడుతుంది. అందుకే వాని మీదికి తోసినారు."

మల్లికార్జునయ్య తలదించుకుని తాళం తీశాడు. "తప్పయిపాయ హర్షా."

హర్ష గోడకు చేరగిలబడి గట్టిగా ఊపిరి వదిలాడు. సాయిగణేష్ మురిసిపోతూ భద్రమ్మ వైపు చూశాడు.

వనజాక్షి ఒక డిష్షును మైక్రోస్కోపు కింద పెట్టింది.

"బతికుండాయి!" అంది. లెన్సు సరిచేసి మళ్లీ చూసింది. "హర్షా, ఇట్ల రా. ఉండలోంచి ఒక కణం జెల్‌లోకి బయల్దేరినాది. మనం ఇన్నాళ్లూ ఎదురుచూసింది ఇదే."

హర్ష కళ్లు తుడుచుకుని మైక్రోస్కోపు మీదికి వంగాడు.