ఈ ఏటి మనిషికి నలభై ఆరు ఓట్లు

“నా ఓటు వాతావరణం చెప్పే అబ్బాయికే,” అంది బామ్మ, కాఫీ గ్లాసు కింద పెడుతూ. “రోజూ తప్పే చెప్తాడు. అయినా ఊరంతా గొడుగు పట్టుకుని బయల్దేరుతుంది. ఇంతకంటే పలుకుబడి ఎవరికుందో చూపించండి.”

మనవరాలు నవ్వింది. ఆమె ఊళ్లోని దినపత్రికలో సబ్ ఎడిటర్. ఏటా డిసెంబరులో ఆ పత్రిక ‘ఈ ఏటి మనిషి’ని ఎన్నుకుంటుంది. ఊరి జీవితాన్ని ఆ ఏడాది అందరికంటే ఎక్కువగా మార్చింది ఎవరన్నదే ప్రశ్న. మూడు వారాలుగా మూడో పేజీలో కూపన్ వస్తోంది. అందులో ఐదుగురి పేర్లుంటాయి. పాఠకులు ఒకరికి టిక్కు పెట్టి, తమ వృత్తి, వీధి రాసి, ‘ఎందుకు?’ అన్న గీత మీద ఒక ముక్క రాసి, కత్తిరించి పంపాలి. మనిషికి ఒక్క ఓటు. ఈసారి లెక్క బాధ్యత ఆమెది. ఆ సాయంత్రం ఐదింటికి సంతకం పెట్టి ఎడిటర్ చేతికివ్వాలి.

“నేనైతే ఆ గాయనికి వేస్తాను,” అంది తల్లి. ఆమె దర్జీ. కిటికీ దగ్గర మిషను మీద జాకెట్టు అంచు కత్తిరిస్తూ ఆగింది. ఆమె చేతిలో అంచును పళ్లు పళ్లుగా కోసే జిగ్‌జాగ్ కత్తెర ఉంది. “దీనికేం వచ్చింది? రెండు వారాలుగా గుడ్డని కొయ్యదు, నములుతుంది. ఎవరైనా ముట్టుకున్నారా?”

తండ్రి బూట్లు తీసుకోవడానికి గుమ్మం వైపు నడిచాడు.

“మరి ఆ ఇంజనీరో, అమ్మా?” అంది కూతురు.

“ఆ సుత్తి మనిషి పేరు ఈ ఇంట్లో ఎత్తకు. పొద్దున్నే నా నోటి వెంట మంచి మాట రాదు.”

ఆ ఊరు నదికి అటూ ఇటూ ఉంది. మధ్యలో పాత రాతి వంతెన. మార్చిలో వంతెనల ఇంజనీరు ఒకాయన వచ్చి మూడు వారాలు దాని కిందే గడిపాడు. చిన్న సుత్తితో స్తంభాలను తట్టడం, చెవి ఆనించి వినడం, పుస్తకంలో రాసుకోవడం. నాలుగో వారం వంతెన మూసేయించాడు. అప్పటి నుంచి అవతలి ఒడ్డుకు పోవాలంటే పదకొండు కిలోమీటర్లు చుట్టు తిరగాలి. తల్లి ఖాతాదారుల్లో సగం మంది అవతలివాళ్లే. వాళ్లు వేరే దర్జీని చూసుకున్నారు. తండ్రి ఇరవై రెండేళ్లు నడిపిన నాలుగో నంబరు బస్సు రూటే రద్దయింది. ఇప్పుడాయన డిపో గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, లోపలికొచ్చే బస్సుల నంబర్లు రాస్తున్నాడు. వంతెన మాత్రం అలాగే నిలబడి ఉంది. మూయకపోతే కూలేదో లేదో ఎవరికీ తెలియదు.

తండ్రి బూట్ల తాళ్లు కట్టుకుంటూ తల ఎత్తకుండా అడిగాడు. “లెక్కలో ఎవరు ముందున్నారు, ఎడిటరమ్మా?”

“చెప్పకూడదు నాన్నా.”

“ఊరికే అడిగాలే,” అని ఆయన టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

* * *

పత్రికాఫీసులో లెక్కింపు లైబ్రరీ గదిలో జరుగుతోంది. ఐదుగురికి ఐదు ట్రేలు. పాత సంచికల్ని భద్రపరిచే లైబ్రేరియన్ ఆమెకు సాయం. ఆయనకు ఇది పదిహేడో లెక్కింపు.

“మీ మనిషే ముందున్నాడమ్మా,” అన్నాడాయన. “సుత్తాయనకి ఆరు వందల పన్నెండు. గాయని కంటే ముప్పై ఒకటి ఎక్కువ.”

ఆమెకు సంతోషం కలిగింది. ఐదు పేర్లు ఖాయం చేసిన సమావేశంలో ఇంజనీరు పేరు పట్టుబట్టి చేర్పించింది ఆమే. “జనం తిట్టుకునేవాడికి దండ వేస్తామా?” అన్నాడు ఎడిటర్. “ప్రభావం అంటే మెప్పు కాదు కదండీ,” అందామె. “పాట విన్నవాళ్లు విన్నారు, విననివాళ్లు వినలేదు. వంతెన మూసిన రోజు నుంచి ఊళ్లో ప్రతివాడూ ముప్పావు గంట ముందు నిద్ర లేస్తున్నాడు.” ఇంట్లో మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

ఆమె ఇంజనీరు కట్టను చేతిలోకి తీసుకుని మరోసారి లెక్కపెట్టింది. సగంలో వేలికి ఏదో గరుగ్గా తగిలింది. కూపన్ అంచు తిన్నగా లేదు. పళ్లు పళ్లుగా ఉంది. దాని కిందదీ అంతే. అలాంటివన్నీ ఏరితే నలభై ఆరు తేలాయి.

వాటిని బల్ల మీద పరిచింది. ఒక్కోదాని మీద ఒక్కో రంగు సిరా ఉంది. అక్షరాలు మాత్రం అన్నింటి మీదా నిటారుగా, ఒకదానికొకటి తగలకుండా ఉన్నాయి. ‘ఎందుకు?’ అన్న గీత అన్నింటిలోనూ ఖాళీ. నర్సు, పాత ఆసుపత్రి వీధి. పళ్ల బండి, స్టేషను రోడ్డు. వాచీల రిపేరు, గడియారం సెంటరు. కవలల తల్లి, గోడౌను సందు. అన్నీ చదువుతూ ఒకదాని దగ్గర ఆగిపోయింది.

‘పత్రికలో సబ్ ఎడిటర్, నీళ్ల ట్యాంకు వీధి.’

ఆ వీధిలో సబ్ ఎడిటర్ తానొక్కతే. తాను ఏ కూపనూ పంపలేదు.

“ఏమైందమ్మా?” అన్నాడు లైబ్రేరియన్.

“ఇవి ఒకే ఇంటి నుంచి వచ్చాయండీ. ఏ ఇల్లో కూడా నాకు తెలుసు. ఇంటికెళ్లొస్తాను. ఈ ట్రే ఎవర్నీ ముట్టుకోనివ్వకండి.”

“ఇవి తీసేస్తే మీవాడు ఓడిపోతాడు.”

“అదీ తెలుసు.”

* * *

ఒంటిగంట కావస్తోంది. తల్లి మిషను మీద ఉంది, బామ్మ బొత్తాలు డబ్బాల్లోకి ఏరుతోంది. కూతురు కూపన్ల కవరు మిషను బల్ల మీద గుమ్మరించింది.

“అమ్మా, ఇది నీ కత్తెర పనేనా?”

తల్లి ఒక కూపన్ తీసి అంచు వెంట గోరు జరిపి చూసింది. “నా కత్తెరే. మధ్యలో ఒక పన్ను విరిగింది, ఇదిగో ప్రతిదాని మీదా ఆ గుర్తుంది. అయితే కాగితాలు కోసి పాడుచేశారన్న మాట!” తర్వాత టిక్కు ఎవరికి పెట్టారో చూసింది. మొహం ఎర్రబడింది. “వీడికా? నేను వీడికి ఓట్లు వేశాననుకున్నావా? నీకు మతి ఉందా?”

“మరెవరు కోశారు? సాయంత్రం నేను సంతకం పెట్టాలమ్మా. మా ఇంట్లోంచి దొంగ ఓట్లు వచ్చాయని తేలితే రేపటి నుంచి నా మాట ఆ ఆఫీసులో ఎవరు నమ్ముతారు?”

“నన్నడగకు. ఎవరీ కవలల తల్లి? నేనెప్పుడూ చూళ్లేదు.”

“నేను చూశాను,” అంది బామ్మ.

ఇద్దరూ తిరిగారు.

“ఏదీ, వరసగా చదువు.” కూతురు చదివింది. బామ్మ కళ్లు మూసుకుని విన్నది. “పళ్ల బండాయన వెనక తలుపు దగ్గర, బుట్ట కాళ్ల మధ్య పెట్టుకుని. కవలలమ్మాయి మధ్యలో, కిటికీ వైపు. వాచీలాయన నిద్రపోతూ పక్కవాళ్ల మీద వాలేవాడు. నర్సు రోజూ ఆయన్ని లేపేది. నేను కంటి ఆసుపత్రికి నెల రోజులు వెళ్లొచ్చాను కదా, ఏడూ పది ట్రిప్పులో. వీళ్లంతా నాలుగో నంబరు బస్సు వాళ్లే.”

గుమ్మం దగ్గర చప్పుడైంది. తండ్రి భోజనానికి వచ్చాడు. బల్ల మీద పరిచిన కూపన్లను చూశాడు. చేతిలోని టిఫిన్ డబ్బాను ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అలాగే పట్టుకున్నాడు.

“బస్సుల్లో వదిలేసిన పేపర్లన్నీ డిపో గేటు దగ్గర సంచిలో వేస్తారు,” అన్నాడు ఎవరూ అడగకముందే. “అందులోంచి తీశాను. కత్తెర పాడవుతుందని తెలియదు.”

“కత్తెర సంగతి తర్వాత,” అంది తల్లి. “మన పొట్ట కొట్టినవాడికి నలభై ఆరు ఓట్లా? అదీ నా కత్తెరతో? ఎందుకండీ?”

తండ్రి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “బ్రిడ్జి వణికేది.”

“ఎప్పుడు?”

“మూసే ముందు రెండేళ్లు. మూడో స్తంభం దాటేటప్పుడు స్టీరింగులోకి వచ్చేది. ముందు టైర్లనుకున్నా. టైర్లు మార్పించా. తర్వాత వాన పడ్డ రోజున ఎక్కువ వచ్చేది. టైర్లకి వానేం తెలుసు? అప్పుడు అర్థమైంది.”

కూతురికి ఏప్రిల్‌లో తాను దిద్దిన వార్త గుర్తొచ్చింది. డ్రైవర్లు ట్రిప్పు పుస్తకంలో రోజూ రూటులోని లోపాలు రాయాలి. ‘గత రెండేళ్ల పుస్తకాల్లో వంతెన గురించి ఒక్క ఫిర్యాదూ లేదు’ అని ఇంజనీరు నివేదికలో ఉంది. ఆ వాక్యాన్ని ఆమె అలాగే ఉంచింది.

“పుస్తకంలో రాయలేదా నాన్నా?”

“‘ఏమీ లేవు’ అని రాశాను. రోజూ. రాస్తే బ్రిడ్జి మూస్తారు. మూస్తే రూటు పోతుంది. మీ అమ్మ పనంతా అవతల ఒడ్డున. ఇంకా చూద్దాం, ఇంకా చూద్దాం అనుకున్నా.” కూపన్లలో ఒకటి తీసి సరిచేసి పెట్టాడు. “ఆయన చేసింది నేను చెయ్యాల్సిన పని. వీళ్లందరికీ ఆ సంగతి తెలిస్తే ఆయనకే వేసేవాళ్లు. వాళ్లకి తెలియదు కదా. అందుకని వాళ్ల తరఫున నేనే…”

కూతురు మెల్లగా అడిగింది.

“నాన్నా, ఆ రెండేళ్లూ నన్ను ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చోమనేవాడివి. తలుపు పక్కన. ఎవరైనా కూర్చుంటే లేపి మరీ. నేను నీ గారాబం అనుకుని సిగ్గుపడేదాన్ని.”

ఆయన టిఫిన్ డబ్బాను కాళ్ల దగ్గర పెట్టాడు.

“నన్నూ అక్కడే కూర్చోబెట్టావు కదరా,” అంది బామ్మ.

“తలుపు దగ్గరైతే…” అని ఆగిపోయాడు.

“మరి మధ్యలో, కిటికీ వైపు కవలలతో కూర్చున్న ఆ అమ్మాయి?” అంది తల్లి. గొంతు పెంచలేదు.

తండ్రి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో ఆయన ఏడవడం తల్లి చూడలేదు. ఆమె లేచి ఆయన దగ్గరకు వెళ్లలేదు, అలాగని కళ్లూ తిప్పుకోలేదు. ఎనిమిది నెలలుగా తాను రోజూ తిట్టిన మనిషి ఎవరో, తిట్టకుండా వదిలేసిన మనిషి ఎవరో ఆమెకు ఇప్పుడే తెలిసింది.

కూతురు గడియారం చూసింది. “నాన్నా, ఈ నలభై ఆరూ తీసేస్తాను. ఎవరు పంపారో కూడా ఎడిటర్‌కి చెప్తాను.”

“చెప్పు. తీసెయ్.” కళ్లు తుడుచుకున్నాడు. “మనిషికి ఒకటి కదా. నాది ఒక్కటి వెయ్యొచ్చా?”

“వెయ్యొచ్చు. కానీ ‘ఎందుకు’ అన్న చోట ఖాళీ వదలకు.”

“అది అచ్చేస్తే డిపోలో అడుగుతారు.”

“అడుగుతారు,” అంది కూతురు.

ఆ రోజు పేపరు బామ్మ ఒళ్లో ఉంది. ఆయన అందులోని కూపన్ మీద వంగి పావుగంట రాశాడు. ఈసారి అక్షరాలు మామూలుగా, ఒకదాన్నొకటి పట్టుకుని వచ్చాయి. రాయడం అయ్యాక చింపబోతుంటే తల్లి పేపరు లాక్కుంది.

“ఇలా ఇవ్వండి. ఎలాగూ పాడైన కత్తెరే.”

నాలుగు వైపులా ఆమే కోసింది.

* * *

గాయని పద్నాలుగు ఓట్ల తేడాతో గెలిచింది. ఆమె ఫొటో మొదటి పేజీలో వచ్చింది. ఎడిటర్ సంగతంతా విని కూతుర్ని ఒక్క మాటా అనలేదు. లెక్క కాగితం మీద ఆమె పక్కన లైబ్రేరియన్ చేత కూడా సంతకం పెట్టించుకున్నాడు. ఐదో పేజీలో పాఠకుల మాటల మధ్య ఒకటి ఇలా ఉంది: ‘నేను రెండేళ్లు స్టీరింగులో విన్నదాన్ని ఆయన మూడు వారాల్లో రాతిలో విన్నాడు. నేను రాయలేదు. ఆయన రాశాడు. — డ్రైవరు, నాలుగో నంబరు బస్సు.’

డిపోలో సంజాయిషీ అడిగారు. తండ్రి రాసిచ్చాడు. వాళ్లేం తేలుస్తారో ఇంకా తెలియదు.

ఆదివారం పది గంటలకు ఎవరో తలుపు తట్టారు. గట్టిగా కాదు, రెండుసార్లు తట్టి ఆగారు, వింటున్నట్టు. తల్లి తలుపు తీసింది. చేతిసంచితో ఒక పొట్టి మనిషి నిలబడి ఉన్నాడు.

“నాలుగో నంబరు బస్సు డ్రైవరు గారు ఉన్నారా? వంతెనల ఆఫీసు నుంచి వచ్చానండి.”

తల్లి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. “లోపలికి రండి,” అంది. కాసేపటికి కాఫీ కూడా తెచ్చింది.

ఇంజనీరు మిషను ముందున్న స్టూలు మీదే కూర్చుని పుస్తకం తెరిచాడు. వంతెనను కూల్చాలా, బాగుచేయాలా అన్నది తేల్చాల్సి ఉందట. ఆ వణుకు ఎప్పుడు మొదలై ఎలా పెరిగిందో చెప్పగలవాళ్లు ఇంతవరకు ఎవరూ దొరకలేదట. “ఏ వేగంలో ఎక్కువ వచ్చేది? ఖాళీ బస్సులో కూడానా? ఎడమ చేతికా, కుడి చేతికా?”

తండ్రి మొదట ఒక్కో ముక్కలో జవాబిచ్చాడు. తర్వాత బల్ల మీది పళ్లెం తీసి రెండు చేతులతో స్టీరింగులా పట్టుకున్నాడు. మూడో స్తంభం ఇక్కడ, వాన లేని రోజు ఇంత, వాన రోజు ఇంత, అంటూ పళ్లేన్ని వణికించి చూపించాడు. ఇంజనీరు స్టూలు ముందుకు జరుపుకుని, తానూ ఒక అంచు పట్టుకుని చూశాడు. “మళ్లీ ఒకసారి,” అన్నాడు. కూతురు గుమ్మానికి ఆనుకుని నిలబడి అంతా చూస్తోంది.

“రేపు వాన వస్తుందా బాబూ?” అంది బామ్మ మధ్యలో.

“నాకు తెలియదండీ.”

“అందుకే ఓడిపోయావు.”

ఇంజనీరు నవ్వాడు. తల్లీ నవ్వింది. పన్నెండు దాటాక ఆయన పుస్తకం మూసి, సంచి అందుకుని లేచాడు. రెండు గంటల్లో ముప్పై ప్రశ్నలు వేశాడు. అప్పుడే ఎందుకు రాయలేదని మాత్రం అడగలేదు.

“ఒక్క నిమిషం కూర్చోండి సార్,” అన్నాడు తండ్రి. “మీరు ఒకటి అడగలేదు. అది నేనే చెప్పాలి.”

తల్లి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఇంజనీరు మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు. ఈసారి పుస్తకం తెరవలేదు.