ఎర్ర ట్యాగ్

గురువారం పొద్దున్న టిఫిన్లయ్యాక నీలిమ హాల్లో కంప్యూటర్ బటన్ నొక్కింది. లోపల ఫ్యాన్ గిర్రున తిరిగింది కానీ తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. మళ్లీ నొక్కింది. వైర్లు కదిపింది. డబ్బా మీద రెండు చరుపులు కూడా చరిచింది. ఊహూఁ, ఏమీ లాభం లేకపోయింది.

"ఏవండీ, సిస్టమ్ ఆన్ అవ్వట్లేదు! సోమవారం పొద్దున్నకి నూటయాభై ప్రశ్నలు పంపాలి. సగం టైప్ చేసినవన్నీ దీన్లోనే ఉండిపోయేయి," అంది గాభరాగా.

ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కి ఆమె ఇంట్లోంచే ప్రశ్నపత్రాలు టైప్ చేసిపెడుతుంది. పోయిన నెల ఒకరోజు ఆలస్యమైనందుకే, ఇంకోసారి ఇలాగైతే వేరేవాళ్లని చూసుకుంటామని వాళ్లు మొహం మీదే చెప్పేశారు.

ఆటోనగర్ వర్క్‌షాపులో పనిచేసే గుణశేఖర్ అప్పటికే బండి తాళాలు వెతుక్కుంటున్నాడు. "ఆదివారం దాకా నాకు కుదర్దు. ఆ రోజు షాపుకి అట్టుకెల్దాం," అన్నాడు.

వెనక గది గుమ్మంలోంచి గుణ తండ్రి శ్రీరామ్మూర్తి గొంతు సవరించుకున్నాడు. "ఓపాలి నాను సూత్తానర్రా."

ముప్పై నాలుగేళ్లు స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. భార్య అసిరమ్మ పోయి రెండేళ్లయింది. కొడుకూ కోడలూ చెడ్డవాళ్లేం కాదు. వేళకి అన్నం, వేళకి బీపీ మాత్ర అందుతాయి. మాటే అందదు. పగలంతా నీలిమ కంప్యూటర్ ముందు కూర్చుంటుంది, పొద్దుపోయాక గుణ హెడ్‌ఫోన్లు తగిలించుకుని అదే కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. పెద్దాయన వంతుకి మిగిలింది గోడ మీది గడియారం. అది ఎంత టిక్కుటిక్కుమన్నా, తిన్నావా అని అడగదు.

కంప్యూటర్‌ని తన గదిలోని బల్ల మీదికి మార్పించుకున్నాడాయన. పని మొదలుపెట్టే ముందు ట్రంకుపెట్టెలోంచి ఒక పాత ఎర్ర ట్యాగ్ తీసి ప్లగ్గుకు కట్టాడు. 'మనుషులు పనిలో ఉన్నారు. ఆన్ చేయరాదు' అని దాని మీద అచ్చు. కింద తన పేరు రాసుకున్నాడు.

"ఇంట్లో కూడా ఏటి నాన్నా ఇది?" అని నవ్వాడు గుణ.

"రూలు రూలేరా. ఇది కట్టినోడు తప్ప ఇంకెవులూ ఇప్పకూడదు. మేనేజరైనా సరే. లోపల సెయ్యెట్టినోడి పేనం దీని మీదే ఉంటాది."

ఆ సాయంత్రం గుణ సెల్ టార్చి పట్టుకుని తండ్రి పక్కన కూర్చున్నాడు. పని ఎంతదాకా వచ్చిందో చూద్దామని నీలిమ టీ గ్లాసులతో వచ్చి మంచం చివర కూర్చుంది. శ్రీరామ్మూర్తి దుమ్ము దులిపాడు, పచ్చటి చిన్న ముక్కొకటి ఊడదీసి ఇదే మెమరీ అని చూపించాడు, మళ్లీ పెట్టాడు. తెర వెలగలేదు గానీ ఆ గదిలో గంటన్నర సేపు మాటలు సాగాయి. నీలిమ పుట్టిల్లు తగరపువలసలో ఏ వీధో ఆయనకి ఆ రోజే తెలిసింది.

శుక్రవారం మధ్యాహ్నం నీలిమ గడువు అడగడానికి ద్వారకా నగర్ వెళ్లింది. ఆయన ఒక్కడే కూర్చుని, ఆ పచ్చముక్క అంచుకి పట్టిన చిలుమును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, గాడిలో పెట్టి, ట్యాగ్ విప్పి బటన్ నొక్కాడు. తెర ఠక్కున వెలిగింది! చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు. ఇది హాల్లోకి వెళ్లిపోతుంది. దాని వెనకే వాళ్లిద్దరూ వెళ్లిపోతారు. చివరికి కంప్యూటర్ ఆపి, ఆ ముక్కను ఊడదీసి కళ్లద్దాల డబ్బాలో దాచేసి, ట్యాగ్ మళ్లీ కట్టేశాడు.

నీలిమ మొహం వేలాడేసుకుని వచ్చింది. గడువు ఇవ్వలేదట. ఆయన చెయ్యి కళ్లద్దాల డబ్బా దాకా వెళ్లి ఆగింది. అయినా ఆ సాయంత్రం కూడా, "ఇంకా దొరకలేదమ్మా," అన్నాడు.

శనివారం సాయంత్రం వాళ్లిద్దరికీ, ఒకప్పుడు ప్లాంట్‌లో క్రేన్ ఆగిపోయిన రోజు కథ ఎత్తుకున్నాడు. కరిగిన ఉక్కు నిండిన పెద్ద బకెట్ గాల్లో ఉండగా కరెంటు పోయిందట. కింద పదిమంది మనుషులు. సరిగ్గా అక్కడ ఆపేసి, "మిగతాది రేపు," అన్నాడు. రేపు కూడా రావాలి కదా మరి!

ఆదివారం పొద్దున్నే నీలిమ, వెనకే గుణ వచ్చి నిలబడ్డారు. "మావయ్యా, ఇంక ఆగలేనండి. ఆటో పిలిచేను. ట్యాగ్ ఇప్పీయండి."

ఆయన ముడిని వేళ్లతో తడుముతున్నాడే గానీ విప్పలేదు. కనబడ్డంలేదేమో అనుకుని నీలిమే కిటికీలోని కళ్లద్దాల డబ్బా తీసి తెరిచింది. అద్దాలతోపాటు పచ్చటి ముక్క ఆమె అరచేతిలో పడింది.

"ఇది గురువారం మీరు చూపించిన మెమరీ కదండీ?"

గుణ ఆ ముక్కనీ తండ్రినీ మార్చి మార్చి చూశాడు. "నాన్నా, దాసీసినావా?"

"మొన్న మద్దినేలే బాగైపోనాది," అన్నాడు శ్రీరామ్మూర్తి తలెత్తకుండా. "నానే మల్లీ ఊడదీసినాను."

నీలిమకి ఏడుపు తన్నుకొచ్చింది. "ఈ పని పోతే నాకు మళ్లీ ఎవరిస్తారండీ? మూడు రోజులై నిద్ర లేదు నాకు. మీరు చూస్తానే ఉన్నారు కదా!"

"సిన్నపిల్లాడివేటి నాన్నా? సిగ్గనిపించలేదా?" గుణ గొంతు పెరిగింది.

"అది బాగుంటే ఈ గదిలోకి ఎవులొత్తారు గుణా? మీ అమ్మ పోయినకాడ్నించి ఈ మంచం మీద ఇంకో మడిసి కూకోడం ఈ మూడు రోజులే సూసినాను. పిల్ల పనికి అడ్డంపడ్డాను. తప్పే. ముమ్మాటికీ తప్పే."

గుణ కిందికెళ్లి ఆటో పంపేసి వచ్చాడు. ఈలోగా శ్రీరామ్మూర్తి ముక్కను గాడిలో నొక్కి, ట్యాగ్ విప్పి, బటన్ నొక్కాడు. తెర వెలిగింది. ఎక్కడ ఏ మోటారు తిరిగినా పొంగిపోయే మనిషి, ఆ వెలుగు చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

కంప్యూటర్ హాల్లోకి వెళ్లిపోయింది. మధ్యాహ్నం కోడలు అన్నం కంచం బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్లింది. సాయంత్రం దాకా హాల్లోంచి టకటక శబ్దం వస్తూనే ఉంది. ఆ పిల్ల పని వేళకి అయిపోవాలని సింహాద్రి అప్పన్నకి దణ్ణం పెట్టుకున్నాడాయన. ఆరింటికి టకటక ఆగింది. ఇక గుణ హెడ్‌ఫోన్ల వేళ. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"మావయ్యా, ఓసారి హాల్లోకి రండి," నీలిమ పిలిచింది.

తిడుతుందనుకున్నాడు. తిట్టినా మాటే కదా అని లేచి వెళ్లాడు.

కంప్యూటర్ ఆపేసి ఉంది. ప్లగ్గుకు ఎర్ర ట్యాగ్ వేలాడుతోంది. దాని మీద తన పేరు కొట్టేసి ఉంది. కింద పెన్నుతో రెండు పేర్లు రాసి ఉన్నాయి: నీలిమ, గుణశేఖర్.

"ప్రశ్నలు పంపీసేను," అంది నీలిమ. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "నాకు కోపం పోలేదండి. కానీ ఈ మూడు రోజులకి ముందు మీ దగ్గర ఎప్పుడు కూర్చున్నానా అని టైప్ చేసినంతసేపూ ఆలోచించేను. గుర్తు రాలేదు."

"రోజూ ఆరింటి నించి ఏడున్నర దాకా ఇది ఉంటాది," అన్నాడు గుణ నేల చూపులు చూస్తూ. "కట్టినోలు తప్ప ఇంకెవులూ ఇప్పకూడదు. నువ్వే సెప్పేవు కదా."

శ్రీరామ్మూర్తి కళ్లు నీళ్లతో మసకబారాయి. దగ్గరికెళ్లి ట్యాగ్ తడిమి చూశాడు. ముడి వదులుగా ఉంది. అలవాటుకొద్దీ బిగించబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అది తను కట్టిన ముడి కాదు.

గుణ తండ్రికి కుర్చీ జరిపాడు. "ఇంతకీ ఆ క్రేన్ బకెట్ కిందకి దిగిందా నేదా నాన్నా?"

శ్రీరామ్మూర్తి కండువాతో ముఖం తుడుచుకుని కూర్చున్నాడు. కథ మళ్లీ మొదటినుంచీ ఎత్తుకున్నాడు. సగం విన్నదేనని ఎవరూ ఆయన్ని ఆపలేదు.