కేసముద్రం యార్డులో తీసిన రక్తం

కుర్చీ చూపించినా పౌలు దాని అంచునే కూర్చున్నాడు. కేసముద్రం మార్కెట్ యార్డులో బస్తాలు మోసే ఆ మనిషి, జనగామలో ప్రైవేటు డిటెక్టివ్‌గా పేరున్న స్వరూపను వెతుక్కుంటూ వచ్చాడు. అదే యార్డులో ఆడవాళ్ల ముఠాలో పనిచేసే అతని కూతురు రూతు గుమ్మం దాటి రాలేదు.

"మా పిల్లకు పెండ్లి ఖాయమైందమ్మా, మొగుళ్లపల్లి పిలగానితోని. ఎవడో పోయి దీని రక్తంల జబ్బున్నదని చెప్పిండట. ఇప్పుడు వద్దంటున్నరు. మాట బయట పడితే ఇంకెవడు చేసుకుంటడు?"

వంశపారంపర్యంగా వచ్చే కొడవలి కణ వ్యాధిపై ఒక పరిశోధన బృందం యార్డులో శిబిరం నడిపింది. ఒక్కో రోజు ఒక్కో కూలీ ముఠా నుంచి రక్తం సేకరించింది. ఫలితాలు రహస్యంగా ఉంచుతామని హామీ ఇచ్చింది.

"ఇంట్లో ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకే. కోడలు కల్పనకు చెప్పలే."

"వదినకు మాత్రం చెప్పకుండ్రి అక్కా," అంది రూతు, మొదటిసారిగా నోరు విప్పి. "కడుపుతోని ఉన్నది, తొలిసూరు. జర నాజూకుగ ఉన్నది."

స్వరూప ఆ అమ్మాయిని కాసేపు చూసి తలూపింది. ఆమె సహాయకుడు ఎల్లేశ్ అప్పటికే జీపు తాళాలు అందుకున్నాడు. ఆమె తల ఊపిందంటే దారి దొరికినట్టేనని పదేళ్లుగా అతని నమ్మకం.

పరిశోధన బృందం మహబూబాబాద్ కార్యాలయంలో దాని పెద్ద డాక్టర్ హర్షిణి సూటిగానే మాట్లాడింది.

"నమూనాల మీద అంకెలే ఉంటాయి. అంకె ఎవరిదో చెప్పగలిగేది ఇద్దరమే. నేను, కంప్యూటర్ చూసే భాస్కర్. ఆడవాళ్ల ముఠా వంతు క్రిస్మస్ మరునాడు వచ్చింది."

"రూతు ఫలితం ఏమిటి?"

"ఆమె అనుమతి లేకుండా చెప్పను."

"మంచిది. ఈ జబ్బుకు వాహకులంటే ఎవరో అయినా చెప్పండి."

"లోపాన్ని మోసే మనిషి. రోగి కాదు. దంపతులిద్దరూ వాహకులైతేనే బిడ్డకు వ్యాధి వచ్చే ప్రమాదం. అప్పుడైనా ప్రతి కాన్పులో నాలుగో వంతు."

స్వరూప అదే ప్రశ్న పక్కగదిలో భాస్కర్‌ను అడిగింది.

"జబ్బే కద మేడం. పుట్టే పోరగాండ్లందరికి అంటుకుంటది."

"శిబిరానికి వెళ్లేవాడివా?"

"లేదు మేడం. నాకు పేర్లే తెలుస్తయి, మనుషులు తెల్వరు."

మొగుళ్లపల్లిలో పెళ్లికొడుకు హరీష్ తలుపు పక్కన నిలబడగా, తల్లి కరుణమ్మ జవాబు చెప్పింది.

"ఎవరు చెప్పిండ్రో చెప్ప. బైబిలు మీద ఒట్టేసిన."

"ఒట్టు తీయించను. ఏమన్నారో చెప్పండి చాలు."

"పుట్టే పోరగాండ్లందరికి అంటుకుంటదన్నరు. నాకేమన్న ఆ పిల్ల మీద పగనా? క్రిస్మస్ తెల్లారి తండ్రీబిడ్డలు గీడనే ఉండిరి, పొద్దుగూకే దాక. నా చేత్తోనే వడ్డించిన. ఎంత వద్దికైన పిల్ల!"

స్వరూప నమస్కరించి లేచింది. జీపులో ఎల్లేశ్ ఆగలేకపోయాడు. "గింతేనా మేడం? అన్నం ముచ్చటే చెప్పింది కద?"

"ఆ అన్నమే సాక్ష్యం ఎల్లేశ్. ముందు రూతుతో మాట్లాడాలి. ఆ తర్వాత ఇంకొకరితో. డాక్టర్ గారిని కూడా తీసుకుపోదాం."

కొద్ది రోజులకు పౌలు, రూతు, కల్పన, డాక్టర్, భాస్కర్ అందరూ కరుణమ్మ ఇంట్లో కూడారు. స్వరూప గొంతు పెంచకుండా మొదలుపెట్టింది.

"రూతు పేరు ఫలితంతో కలిపి చూడగలిగింది ఇద్దరే. కరుణమ్మకు చేరిన మాటలో ఒక తప్పుంది, పుట్టే పిల్లలందరికీ జబ్బేనని. డాక్టర్ ఆ తప్పు చేయరు. నా ఎదుట అదే తప్పు, అవే మాటలతో చేసింది భాస్కర్."

భాస్కర్ తల దించుకున్నాడు. "ఇది మా ఊరు మేడం, మాదొకటే చర్చి. పెండ్లి పేర్లు ఆడనే చదివిండ్రు. తెలిసి ఊకుంటే పాపమనుకున్న."

"నీ మనసులో చెడు లేదు, నమ్ముతాను. కానీ ఆ మాట నీది కాదు. ఫిర్యాదు చేసే హక్కు రూతుది. ఇక రెండో సంగతి. రక్తం తీసిన రోజున రూతు ఈ ఇంట్లో భోజనం చేస్తోంది. ముఠాలో ఒకరు రాకపోతే ఇంటి మనిషి బదులు నిలబడి పేరుకు పలకాలి. లేకుంటే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. ఆ రోజూ అదే జరిగింది."

డాక్టర్ హర్షిణి నిట్టూర్చింది. "పేరు పిలిచాం, పలికిన మనిషి వేలిముద్ర తీసుకున్నాం. మనిషి ఎవరని అడగలేదు. ఆ తప్పు నాది."

"అయితే గా రక్తం ఎవరిది?" అంది కరుణమ్మ.

"అది చెప్పడం నా పని కాదు," అంది స్వరూప. "రూతుదే అయినా ఈ పెళ్లి ఆగే కారణం లేదని మాత్రం చెప్పగలను."

కొంగు సర్దుకుంటూ కల్పన లేచింది.

"నాది. చెప్పాల్నా వద్దా అన్నది నీ ఇష్టమేనని ఈ డిటెక్టివ్ అక్క నాకు ముందే చెప్పింది. నా ఇష్టంతోనే చెప్తున్న. మా ఆయనకు గూడ పరీక్ష చేసిండ్రు. ఆయనకు లోపం లేదు. నా బిడ్డకు గా జబ్బు రాదట." ఆమె రూతు వైపు తిరిగింది. "నా రక్తమని రూతుకు ముందే ఎరుక. ఒక్క మాటంటే దాని పెండ్లి నిలబడేది. నా పేరు బయట పడతదని పండ్లు బిగబట్టుకొని కూసున్నది. నేనెట్ల తీర్చుకోను దీని రుణం?"

"ఊకో వదినా," అంది రూతు కళ్లు తుడుచుకుంటూ. "నా చోటు పోవద్దనే కద నువ్వు సూది పొడిపించుకున్నవు!"

పౌలు స్వరూపకు రెండు చేతులూ జోడించాడు.

హరీష్ ముందుకొచ్చి చొక్కా చేయి పైకి మడిచాడు. "నాది గూడ తీయుండ్రి మేడం. నేనే హరీష్‌ను, బదులు మనిషిని గాదు."

అందరికంటే ముందు నవ్వింది రూతే. "నాది మాత్రం నేను అడిగినప్పుడే తీయాలె," అంది.

కరుణమ్మ లోపలికి వెళ్లి పళ్లేలు తెచ్చింది. మొదటిది కల్పన ముందు పెట్టింది. రెండోది రూతు ముందు పెట్టి, గరిటె పక్కన ఉంచి, తన చేత్తోనే అన్నం వడ్డించింది.