కాట్రేనికోన సబ్‌మెరైన్‌కి బొట్టు

"నూటికి రెండు రూపాయలు, చలపతీ! దేశం సంపాదించే ప్రతి నూరులో రక్షణకి పెడుతున్నది రెండు, కాస్త అటూ ఇటూగా. అందులో మన డిపార్ట్‌మెంట్ వాటా ఇదీ."

ఢిల్లీ ఆఫీసులో చీఫ్ భాస్కరరావు బల్లమీద ఒక వాచీ, ఒక పెన్ను పెట్టారు. వాచీలో ట్రాన్స్‌మిటర్. పెన్నులో లేజర్. రెంటికీ కలిపి బ్యాటరీ ఒకటే.

"ఆ రెండుని నాలుగు చేయించాలని ఒక విదేశీ ఆయుధాల ముఠా కోనసీమలో దిగింది. మనం భయపడితేనే వాళ్ళ సరుకు అమ్ముడవుతుంది. శనివారం పార్లమెంటు కమిటీ ఓడలో తీరం చూడ్డానికి వస్తోంది. ఈలోగా వాళ్ళ ప్లాన్ తేల్చు. అక్కడ మన మనిషి పేరు నీహారిక. కోడ్ వర్డ్, పనసపొట్టు."

ఏజెంట్ చలపతి అమలాపురం వేదపండితుల ఇంట పుట్టి, మంత్రాలు సగంలో వదిలేసి గూఢచర్యంలో చేరినవాడు. పరుగెత్తే రైలు పైకప్పు మీద గుర్రుపెట్టి నిద్రపోయి, సరిగ్గా దిగాల్సిన స్టేషన్లో లేచిన ఘనుడు. శనివారం పొద్దున్నే రొయ్యల మేత అమ్మే సేల్స్‌మన్ వేషంలో కాట్రేనికోన చేరాడు.

రొయ్యల చెరువులు దాటాక, ఏటిపాయ ఒడ్డున రేకుల షెడ్డు. గుమ్మంలో నీహారిక. నల్ల కళ్ళద్దాలు, బండారులంక చీర. ఆమె నడిచి వస్తుంటే చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఓ క్షణం తిరగడం మానేశాయని తర్వాత రొయ్యలు చెప్పుకున్నాయి.

"పనసపొట్టు దొరుకుతుందా?" అన్నాడు చలపతి.

"ఆవ పెట్టిందే కావాలా? లోపలికి రండి."

లోపల నీళ్ళమీద, కొబ్బరిమట్టల కింద, నల్లటి సబ్‌మెరైన్! దాని ఒంటిమీద ఏదో విదేశీ లిపి. చలపతి వంగి మూతలోంచి తొంగిచూశాడు. వెనకనుంచి ఒక్క తోపు. ఆ చెయ్యి నీహారికదే.

పైన షెడ్డు యజమాని భీమరాజు ముఖం కనిపించింది. ముఠాకి ఈ ప్రాంతపు ప్రతినిధి ఆయనే. చేతిలో పిస్తోలు, నోట్లో మర్యాద.

"దెబ్బేం తగల్లేదు కదండీ? ఇది ఉత్తుత్తి సబ్‌మెరైనండి. మా పడవలోళ్ళే కట్టేరు. కమిటీ ఓడ వచ్చే వేళకి టైమరు మీద సముద్రంలో పైకి తేలుద్దండి. అందరూ హడిలిపోతారు. ఆనక అడుగు వాల్వు తెరుచుకుని ములిగిపోద్దండి. రేపు బయటికి తీత్తే లోపల విదేశీ పాస్‌పోర్టుతో తవరు. ఇంకేం సాక్ష్యం కావాలండీ?"

"దుర్మార్గుడా!"

"అదేటండీ, తవరు నాకు దణ్ణం పెట్టాలి. రెండు నాలుగైతే తవరిక్కూడా మంచి వాచీ వత్తాది."

చలపతికి చురుక్కుమంది. ఢిల్లీలో బ్యాటరీ చూసినప్పుడు అతని మనసులో మెదిలిన మాటా అదే.

"పెంచాలనుకుంటే పెంచుతారు భీమరాజుగారూ! బళ్ళకెంత, ఆసుపత్రులకెంత, సైన్యానికెంత అని లెక్క చూసుకుని పెంచుతారు. దొంగ దెయ్యాన్ని చూపించి జేబు కొట్టడమేమిటి?"

"మరి నా కమిషన్?" అంది నీహారిక, పైనుంచి.

"ఆయ్, అదీ లోపలే ఉందమ్మా." భీమరాజు ఆమెనీ తోసేశాడు. మూత బిగించి, స్పానరు జేబులో వేసుకుని, తమాషా చూడటానికి తీరానికి వెళ్ళిపోయాడు.

లోపల చీకటి. ఉక్క. డీజిల్ కంపు. నిలబడితే తల తగులుతుంది, పడుకుంటే కాళ్ళు చాలవు. చలపతి పెన్నులో బ్యాటరీ వేసి లేజర్ నొక్కాడు. ఇనుము మీద ఆవగింజంత చుక్క పడింది. బ్యాటరీ చచ్చింది. దాంతో వాచీ కూడా.

"మీ డిపార్ట్‌మెంట్ సామానిదా? అందుకే నేను పార్టీ మారాను," అంది నీహారిక.

"మారి ఎక్కడికొచ్చారు?"

"మీ పక్కకే. ఆ మోకాలు తియ్యండి, డొక్కలో గుచ్చుకుంటోంది."

అప్పుడు గాలిగొట్టంలోంచి ఒక గొంతు ఖంగుమంది. ఆ సబ్‌మెరైన్ కట్టిన దుర్గమ్మది.

"బొట్టెట్టకుండా, పేరెట్టకుండా పడవని సముద్రంలోకి తోలేత్తారేట్రా? నా సేతుల్తో కట్టేను!"

"తుపాకీ ఉంది, కాపలా ఉన్నాం. పంతులుగారేరీ దుర్గమ్మా?" అన్నాడు కాపలావాడు.

చలపతి గొట్టానికి నోరు ఆనించాడు. సంకల్పం అందుకున్నాడు. జంబూద్వీపం, భరతవర్షం, గోదావరీ తీరం... ఎక్కడున్నామో చెప్పుకునే రిపోర్టే కనక అది బాగానే గుర్తుంది. బయట కాపలావాళ్ళు ఉలిక్కిపడి చెప్పులు విడిచారు. కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. సంకల్పం అయిపోయింది. తర్వాతి మంత్రం గుర్తురాలేదు. చలపతి అదే రాగంలో లాగించాడు.

"దుర్గమ్మ నామధేయస్య... మమ్మల్ని చంపడానికి బిగించేశారమ్మా... స్పానరు పట్టుకుని నీ పడవలో వెనకాలే రావమ్మా... కుంకుమ నీళ్ళకి పోతుంది, బొట్టు పెయింటుతో పెట్టు... పేరు పెద్దక్షరాలతో రాయి... ఫోన్ నంబరు కూడా... కొబ్బరికాయ డిపార్ట్‌మెంటు ఖర్చు... నమః!"

కాపలావాళ్ళు భక్తిగా తలలూపారు. మంత్రంలో మాటలు వినే అలవాటు వాళ్ళ వంశంలో లేదు.

దుర్గమ్మ మాత్రం వింది. "ఆయ్! నమః!" అంటూ కాయ కొట్టింది.

కాసేపటికి ఇంజను సబ్‌మెరైన్ని సముద్రంలోకి లాగింది. నీళ్ళు గొట్టాన్ని మూసేశాయి. గాలి తగ్గిపోయింది. చలపతి నీహారిక చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

సబ్‌మెరైన్ ఎగిరినట్టుగా పైకి తేలింది. అదే క్షణంలో అడుగు వాల్వు తెరుచుకుంది. నీళ్ళు మోకాళ్ళు దాటాయి. నడుము దాటాయి.

కమిటీ ఓడ మీద గగ్గోలు. "శత్రువు! నాలుగు కాదు, ఆరిచ్చేద్దాం! కాయితాలు తెండి!" అని ఒక సభ్యుడు పెన్ను తీశాడు. ఛైర్మన్ సూర్యారావు బైనాక్యులర్స్ ఎత్తారు. చూశారు. తుడుచుకుని మళ్ళీ చూశారు.

సబ్‌మెరైన్‌కి రెండు పెద్ద కళ్ళు. నడుమ కంచమంత ఎర్ర బొట్టు. కింద పచ్చ పెయింటుతో, 'గంగమ్మ తల్లి దీవెన. ప్రో. దుర్గమ్మ, కాట్రేనికోన.' ఆ పక్కన సెల్ నంబరు.

ఛైర్మన్ ఫోన్ కలిపారు.

"ఇప్పుడు ఖాళీ లేదండి, మనుసుల్ని తీత్తున్నాను!" అంది దుర్గమ్మ.

లోపల నీళ్ళు చలపతి ముక్కుని తాకాయి. మూత కిర్రుమంది. వెలుతురులోంచి ఒక స్పానరు, దాని వెనక దుర్గమ్మ చెయ్యి దిగాయి. ఇద్దరూ పడవలో పడ్డాక, సబ్‌మెరైన్ బొట్టుతో సహా ములిగిపోయింది.

"రెండా, నాలుగా అన్నది ఢిల్లీలో లెక్కలు ముందేసుకుని తేలుద్దాం," అన్నారు ఛైర్మన్. "ఆ పెన్ను జేబులో పెట్టవయ్యా."

ఒడ్డున భీమరాజు చేతికి బేడీలు పడ్డాయి. "కాస్త మెల్లిగా వెయ్యండి, ఆయ్," అన్నాడు మర్యాదగా. నీహారిక రెండో జత బేడీల కోసం తనే చేతులు చాపింది.

ఢిల్లీలో చలపతి ఖర్చుల బిల్లు చూసి చీఫ్ మెచ్చుకున్నారు. బ్యాటరీకి సంతకం పెట్టారు. పెయింటుకీ పెట్టారు. చివరి పద్దు మాత్రం ఎర్రసిరాతో కొట్టేశారు.

"కోనసీమలో కొబ్బరికాయ కొన్నానంటే ఆడిట్‌లో ఎవడు నమ్ముతాడయ్యా?"