ఆయిల్ మార్చిన చప్పుడు

"మామయ్యా, నిన్న సాయంత్రం ఆ ఆయిల్ లైటు మళ్ళీ వెలిగింది," అంది కోడలు, కారు అద్దం తుడుస్తూ.

వరండాలో కూర్చుని టీ తాగుతున్న పెద్దాయన తలెత్తలేదు. "వైరు లూజై ఉంటుందమ్మా. మొన్న ఆదివారమేగా ఆయిల్ మార్చాను!"

"ఎర్రగా వెలిగింది. ఇంజన్ కూడా కటకటమంటోంది. ఒక్కసారి గ్యారేజీలో చూపిస్తే..."

"గ్యారేజీనా?" ఆయన ముఖం మాడిపోయింది. "జన్మంతా ఇంజన్ల కింద పొర్లినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని గ్యారేజీకి పోతావా? నలుగురూ నవ్వుతారు."

ఇంకేముంది, కోడలు మళ్ళీ అద్దం తుడవడంలో పడింది. ఆ ఇంట్లో ఎవరినైనా ఏమైనా అనొచ్చు గానీ, ఇంజన్ విషయంలో పెద్దాయన్ని మాత్రం అనకూడదు. వీధిలో పిల్లలు ఆయన్ని ఇంజన్ తాతయ్య అని పిలుస్తారు. ఇంటి ముందున్న షెడ్డులోనే ఆయన ఒకప్పుడు మెకానిక్ షాపు నడిపేవాడు. షాపు మూతబడినా, కార్ల కిందికి దిగి పని చేసే సిమెంటు గొయ్యి అలాగే ఉంది. ఆయనకు మిగిలిన పని కూడా ఒక్కటే, ఈ కారుకి ఆయిల్ మార్చడం. ఆ రోజు గొయ్యి దగ్గరికి ఎవరూ రాకూడదు. కింద నుంచి పానా చప్పుడు ఠంగు ఠంగుమని వంటింట్లోకి వినిపిస్తుంది. కాసేపటికి చేతులు నల్లగా చేసుకుని, పాత ఆయిల్ ఉన్న తట్ట పట్టుకుని ఆయన పైకి వస్తాడు. కోడలు సబ్బు అందిస్తుంది. అలా జరిగితేనే ఆ ఇంట్లో అంతా సవ్యంగా ఉన్నట్టు లెక్క.

ఆ కారు మీదే కోడలి బతుకు. పొద్దున చుట్టుపక్కల పిల్లల్ని ఎక్కించుకుని బడిలో దింపుతుంది, సాయంత్రం తెచ్చి ఇళ్ళకు చేరుస్తుంది. పరాయివాళ్ళ బిడ్డల్ని చేతుల్లో పెట్టించుకోవడం మాటలు కాదు. ఆ నమ్మకం కోసం ఆమె ఒక్కో ఇంటి గడప ఎన్నిసార్లు తొక్కిందో ఆమెకే తెలుసు.

ఆ పొద్దున పెద్ద కూడలి మధ్యలో ఆ లైటు మళ్ళీ వెలిగింది. ఈసారి ఆరలేదు. ఇంజన్ లోపల ఎవరో సుత్తితో బాదుతున్నట్టు చప్పుడు మొదలై, ఒక్క కుదుపుతో అంతా ఆగిపోయింది. స్టీరింగ్ బిగుసుకుపోయింది. వెనక నుంచి వస్తున్న లారీ బ్రేకు కీచుమంది. అద్దంలో లారీ ముఖం తప్ప ఇంకేమీ కనబడలేదు. బెత్తెడు దూరంలో ఆగింది. పిల్లలు గుక్కపట్టి ఏడ్చారు.

అందర్నీ రోడ్డు దాటించి, తల్లిదండ్రులకు ఫోన్లు చేసింది. ఒకావిడ పరుగున వచ్చి కూతుర్ని ఎత్తుకుంది. కోడలి ముఖం కూడా చూడకుండా, "రేపట్నించి మా పాపని మేమే దింపుకుంటాం," అని వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు ఆ మాట కూడా అనలేదు.

గ్యారేజీ మెకానిక్ వచ్చి కారుకి తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చాడు. పెద్దాయనతో కలిపి ముగ్గురూ నెట్టి షెడ్డులో గొయ్యి మీద నిలబెట్టారు. మెకానిక్ ఇంజన్ పైమూత విప్పి, "ఇటు చూడండక్కా," అన్నాడు.

లోపలంతా నల్లటి మడ్డి. వేలుతో గీరితే జిగురుగా, తారులా ఊడొచ్చింది.

"పాత ఆయిల్ దించకుండా పైపైన పోస్తూ వచ్చారు. మడ్డి అడ్డుపడి ఆయిల్ పైకి ఎక్కడం మానేసింది. ఇంజన్ పట్టేసింది."

"కారు తిరిగింది తక్కువే కదా తమ్ముడూ?"

"అందుకే ఇంకా తొందరగా పాడైందక్కా. ఆ సందు నుంచి ఈ సందుకి, ఇంజన్ సరిగ్గా వేడెక్కే లోపే ఆపేస్తారు. లోపల చెమ్మ అలాగే ఉండిపోతుంది. ఇలాంటి బండికి కిలోమీటర్లు చూసుకుని కూర్చోకూడదు, ఆర్నెల్లకోసారి ఆయిల్ దించి తీరాలి. దీనికి రెండేళ్ళుగా ఎవరూ దించినట్టు లేరు." అతను చేతులు తుడుచుకున్నాడు. "ఇంకో ఇంజన్ వెయ్యాల్సిందే."

పెద్దాయన వరండా స్తంభం పట్టుకుని అంతా వింటూనే ఉన్నాడు. మెకానిక్ వెళ్ళేదాకా కోడలు ఎలాగో ఓర్చుకుంది.

"వైరు లూజు అన్నారు కదా మామయ్యా?"

ఆయన స్తంభం వదలకుండా ఇంజన్ వైపే చూస్తున్నాడు.

"మొన్న ఆదివారం మార్చానన్నారు. ఆ తట్టలో నాకు చూపించిందేంటి మరి?"

"అది... పాతదే. అదే తట్ట."

"ప్రతిసారీ అదేనా?" ఆమె అరిచింది. "నా వెనక పసిపిల్లలున్నారు! లారీ ఇంకొంచెం ముందుకొస్తే ఏమయ్యేది? వాళ్ళ అమ్మలకి నేనేం చెప్పేదాన్ని? మా మామయ్యకి బద్ధకమేసింది, ఆయిల్ మార్చలేదని చెప్పనా? ఇంట్లో కూర్చున్న మనిషి, చేసే పని ఒక్కటి. అదీ నాటకమేనా?"

రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న భర్త ఆ కేకలకి లేచి వచ్చాడు. సంగతి విని ఇంజన్లోకి ఒకసారి, తండ్రి వైపు ఒకసారి చూశాడు. "ఇక నువ్వు బండి జోలికి రాకు నాన్నా," అన్నాడు. అరిచినా బాగుండేది. మెల్లగా అని లోపలికి వెళ్ళిపోయాడు.

పెద్దాయన స్తంభం వదిలి షెడ్డులోకి వచ్చాడు.

కోడలికి అప్పటికీ కోపం చల్లారలేదు. మూలనున్న పానా తెచ్చి ఆయన ముందు పెట్టింది. "దిగండి. ఇప్పుడు విప్పండి. ఎందుకు విప్పలేదో నేనూ చూస్తాను."

ఆయన పానా తీసుకుని గొయ్యిలోకి దిగాడు. కాసేపటికి కింద నుంచి చప్పుడు మొదలైంది. ఠంగు, ఠంగు. ఇన్నాళ్ళూ వంటింట్లో విన్న చప్పుడే. కోడలికి ఒళ్ళు మండిపోయి, మోకాళ్ళ మీద వంగి కిందికి తొంగి చూసింది.

పానా బోల్టు మీద లేదు. దాన్ని రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని గొయ్యి గోడకేసి కొడుతున్నాడు ఆయన. కొట్టి కొట్టి, మళ్ళీ దాన్ని పైకెత్తి బోల్టుకి తగిలించబోయాడు. వేళ్ళు ముడుచుకోలేదు. పానా జారి ఆయన భుజం మీద పడి, అక్కణ్ణుంచి కింద పడింది. ఆయన వంగి మళ్ళీ అరచేతులతోనే తీసుకున్నాడు. ఆమె చూస్తోందని ఆయనకి తెలియదు.

కోడలు మెట్లు దిగి గొయ్యిలోకి వెళ్ళింది. ఇద్దరు పట్టేంత చోటు లేదు. గోడకి నొక్కుకుని నిలబడింది.

"బిగుసుకుపోయిందా మామయ్యా?"

"బోల్టు కాదమ్మా," అన్నాడాయన. "వేళ్ళు."

"ఎప్పట్నించి?"

"చాలా రోజులైంది. రేపటికి తగ్గుతుందనుకున్నా. తర్వాత మళ్ళీ రేపటికి. నువ్వు లైటు వెలిగిందన్న రోజు కూడా చెబుదామనే అనుకున్నా. చెప్తే ఈ పని కూడా ఇంకెవరికో ఇచ్చేస్తారు. ఇక నన్ను దేనికి లేపుతారు పొద్దున్నే? పసిబిడ్డలమ్మా... నా సిగ్గు దాచుకోవడానికి పసిబిడ్డల్ని..." ఆ మాట పూర్తి చేయలేక గోడ వైపు తిరిగిపోయాడు.

ఆమెకి అప్పుడు తట్టింది. పోయినేడు ఆయన చొక్కాలన్నీ తీసేసి గుండీలు లేనివి కొనుక్కొచ్చింది తనే. గ్లాసులో టీ సగమే పోయడం అలవాటు చేసుకుంది తనే. చూసింది, సర్దింది, ఒక్కనాడూ అడగలేదు. అడిగితే డాక్టర్లు, తిరుగుళ్ళు, ఆయన అలకలు. పానా చప్పుడు వినిపిస్తోంది కదా, అంతా బాగానే ఉందనుకోవడం తనకీ సుఖంగానే ఉంది.

"నాకు తెలుసు మామయ్యా," అంది ఏడుస్తూ. "మీ చేతుల సంగతి నాకు తెలుసు. తెలిసీ మిమ్మల్నే ఇందులోకి దింపాను."

ఆయన చేతిలోంచి పానా తీసుకుని బోల్టుకి తగిలించింది. "ఎటు తిప్పాలో చెప్పండి."

"ఇప్పుడెందుకమ్మా, చచ్చిపోయిన ఇంజను."

"చెప్పండి మామయ్యా."

ఆయన చెప్పాడు. ఆమె బలమంతా పెట్టి తిప్పింది. బోల్టు ఊడింది గానీ ఆయిల్ ధార కట్టలేదు. కాసేపాగి, నల్లటి మడ్డి ముద్దలు ముద్దలుగా తట్టలో పడింది. పడినంతసేపూ ఇద్దరూ అలాగే చూస్తూ నిలబడ్డారు. రేపు పొద్దున ఏ గుమ్మం ముందూ ఏ పిల్లా బ్యాగు తగిలించుకుని ఈ కారు కోసం ఎదురుచూడదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

పైన భర్త మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో గానీ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "పైకి రా నాన్నా," అని చెయ్యి అందించాడు.

పెద్దాయన కోడలి వైపు చూశాడు. ఆమె తలూపింది. అప్పుడాయన వంకరపోయిన వేళ్ళు దాచుకోకుండా, చెయ్యి కొడుకు ముందుకు చాచాడు.