అద్దం ముందు ఫీల్డ్ ఆఫీసర్

"మేడమ్, మీరు సెలెక్టయిండ్రు. ఎల్లుండి పొద్దున తొమ్మిదింటికి అంకాపూర్ ఆఫీసుకు వచ్చి జాయిన్ కాండ్రి," అన్నారు ఫోన్‌లో దయానంద్ సార్.

నా చేతిలో ఉన్న ఉల్లిగడ్డ జారి అత్తమ్మ కాలి మీద పడింది. ఆమె "అవ్వో!" అన్నది. నేనూ "అవ్వో!" అన్నాను, కానీ నాది సంబురం. విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్! వంటింట్లోనే గిర్రున ఒక చుట్టు తిరిగాను.

"ఇంకొకటి మేడమ్. బండి తెచ్చుకోండ్రి. మొదటి రోజే పొలాలకు పోవుడుంటది. ధైర్యంగ బండి నడుపుత అని ఇంటర్వ్యూల చెప్పిండ్రు గదా, గది మాకు మస్తు నచ్చింది."

తిరగడం ఆగిపోయింది.

నాకు బండి నడపడం రాదు.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు, ఒట్టు. మా పెండ్లయి ఇంకా రెండు నెలలు కాలేదు. పెర్కిట్‌లో కాపురానికి వచ్చిన రోజు నుంచి పొద్దున్నే బీరువా అద్దం ముందు నిలబడి అఫర్మేషన్లు చెప్పుకుంటున్నాను. కావాలనుకున్నది అప్పటికే దొరికినట్టు చెప్పుకోవాలని వీడియోల్లో విన్నాను. అందుకే, "నేను ఫీల్డ్ ఆఫీసర్‌ని. రైతులు నన్ను మేడమ్ అని పిలుస్తారు. నేను ధైర్యంగా బండి నడుపుతాను," అని రోజూ అద్దానికి చెప్పీ చెప్పీ నోటికి అలవాటైపోయింది. ఇంటర్వ్యూలో సార్ "బండి నడపొస్తదా?" అని అడగ్గానే, అద్దం అడిగినట్టే జవాబు చెప్పేశాను.

రంజిత్ లోపలికి వచ్చి నా ముఖం చూశాడు. "ఏమైంది? నౌకరి రాలేదా?"

"వచ్చింది."

"వస్తే గట్లున్నవేంది?"

చెప్పాను. మా ఆయన గోడకు ఆనుకున్నాడు. "పూజీ, నీకు సైకిల్ తప్ప ఏం రాదు గదా! ఫోన్ చేసి రాదని చెప్పు."

"ఎల్లుండి లోపల వస్తది."

"ఎట్ల?"

"నువ్వు నేర్పిస్తే."

అత్తమ్మ కాలు రుద్దుకుంటూ మా ఇద్దరినీ చూసింది. ఊరందరికీ ఆమె శాంతవ్వ, పేరులోనే శాంతం. "అద్దంతోని మాట్లాడుతుంటే ఏమో అనుకున్న. గిదా సంగతి! బండంటెనే నాకు భయం పిల్లా. వీడు ఎన్నిసార్లు ఎక్కమన్నా వీని బండి ఎక్కలే. దవాఖానకైనా ఆటోనే."

మా ఆడబిడ్డ అత్తగారింటికి పోతూ వదిలేసిన బ్యాటరీ బండి ఒకటి ఉంది. సాయంత్రం దాన్ని పసుపు పండే మా చెలకకు తీసుకుపోయాం. అక్కడ ఒక పక్క ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆరుతున్నాయి. ఇంకో పక్క డ్రమ్ములో పాలిష్ పట్టినప్పుడు రాలిన పొట్టు కుప్పగా ఉంది.

నేను బండి మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను.

"ఏం జేస్తున్నవ్?"

"విజువలైజేషన్. ముందు మనసుల చూడాలె. గాలి ముఖానికి తాకుతున్నది. రోడ్డు కనిపిస్తున్నది..."

"కండ్లు మూసుకొని బండి నడిపెటోళ్లను ఇప్పుడే చూస్తున్న. ముందుగాల ఆన్ చెయ్యి."

ఆన్ చేశాను. కళ్లు మాత్రం తెరవలేదు. "ఉండు జర. అంకాపూర్ వచ్చింది. రైతులు నమస్తే మేడమ్ అంటున్నరు."

"నీ ఎనక ఎవరు కూసున్నరు?" గొంతులో నవ్వు దాచుకుంటూ అడిగాడు.

"ఎవరు లేరు."

"నేను?"

"లేవు."

"పోనీ, రోడ్డు పక్కకన్న నిలబడ్డనా?"

"ఎన్నడు లేవు రంజిత్."

నవ్వు వినిపించలేదు. కళ్లు తెరిచి చూస్తే మా ఆయన పసుపు కొమ్ముల వైపు చూస్తున్నాడు, ఎన్నడూ పసుపే చూడనట్టు. అయ్యో, అట్ల కాదు అని చెప్పబోతూ చెయ్యి ఊపాను. ఆ చెయ్యి యాక్సిలరేటర్ మీద ఉంది.

బండి చప్పుడు లేకుండా దూకింది.

"బ్రేక్! పూజీ, బ్రేక్!"

నేనూ బండీ కలిసి పొట్టు కుప్పలో దిగబడ్డాం. పెండ్లినాడు అందరూ కలిసి పూసిన పసుపు కూడా అంత లేదు. ఇంటికి పోతే అత్తమ్మ నన్ను చూసి తలుపుకు అడ్డం నిలబడింది. "ఎవరమ్మా నువ్వు?"

ఆ రాత్రి రంజిత్ మంచినీళ్లు ఇచ్చాడు, మోచేతికి మందు రాశాడు, అటు తిరిగి పడుకున్నాడు. మరునాడు పొద్దున మళ్లీ నేర్పించాడు. చెలకలో చుట్లు కొట్టడం వచ్చింది. "రోడ్డు మీదికి పోదామా?" అంటే నేను బండి దిగేశాను. "గట్లయితే సార్‌కు ఫోన్ చెయ్యి," అని, నన్నూ బండినీ ఇంటి దగ్గర దింపి, గోనె సంచుల కోసం ఆర్మూర్ పోయాడు.

మధ్యాహ్నం ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. రంజిత్ ఫోన్. "పూజీ, మబ్బు పట్టింది! టార్పాలిన్లు ఇంట్లనే ఉన్నయ్. నేను వచ్చేలోపే వాన పడ్తది. అవ్వా నువ్వు ఇద్దరు ఆటో మాట్లాడుకొని ఉరుకుండ్రి! పసుపు తడిస్తే రంగు పోతది!"

గల్లీలో ఒక్క ఆటో లేదు. అత్తమ్మ టార్పాలిన్ మూట ఎత్తుకుని రోడ్డు చూసింది, మబ్బు చూసింది, నన్ను చూసింది.

నేను బండి బయటికి తీశాను. "ఎక్కు అత్తమ్మా."

"నేనా!"

"నువ్వే."

ఆమె కళ్లు గట్టిగా మూసుకుని ఎక్కింది.

నా ఊహలో రోడ్డు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఎండ కాసేది. వెనక బరువు ఉండేది కాదు. ఇప్పుడేమో ఎదురుగాలి, ట్రాక్టర్లు, నా భుజాల్లో దిగిన అత్తమ్మ వేళ్లు. అంతటితో ఆగిందా? దారి పొడుగునా ఒకటే కేకలు.

"జరుగుండ్రి! మా కోడలికి బండి రాదు! జరుగుండ్రి!"

జనం నిజంగానే జరిగారు. ఒక గేదె కూడా జరిగింది. నాకు భయపడడానికి తీరికే దొరకలేదు.

ఆఖరి టార్పాలిన్ మీద రాయి పెడుతుండగా మొదటి చినుకు పడింది. ఆ వెంటనే వాన దబదబా దంచింది. మేము మోటర్ షెడ్డులోకి ఉరికాం. అంతలో రంజిత్ తడిసి ముద్దై వచ్చాడు. కప్పి ఉన్న పసుపును చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"ఆటో ఏది?"

"దొరకలే," అన్నది అత్తమ్మ.

"మరి ఎట్ల వచ్చిండ్రు?"

ఆమె గడ్డంతో బండి వైపు చూపించింది. మా ఆయన నోరు తెరుచుకుంది, వాన నీళ్లు అందులోకి పోతున్నా మూయలేదు.

"అవ్వా! నువ్వు? బండి మీద? నేను గన్నిసార్లు పిలిస్తే ఎక్కలే!"

"నువ్వు పిలిచినప్పుడు వాన రాలేదురా," అని అత్తమ్మ అటు తిరిగి కొంగు పిండుకుంది.

నేను రంజిత్ చొక్కా పట్టుకుని చూరు కిందికి లాగాను. "నిన్న మాట మధ్యల బండి దూకింది. ఇప్పుడు చెప్పనా?"

"చెప్పు."

"లేనివే గదా ఊహించుకునేది. నౌకరి లేకుండె, ఊహించుకున్న. బండి రాకుండె, ఊహించుకున్న. నువ్వు పొద్దున కండ్లు తెరిచేసరికి పక్కకే ఉంటివి. నిన్ను ఇంకేం ఊహించుకోను?"

నా నుదుటి మీది నీళ్లు తుడవబోయాడు. తుడిచిన చొక్కా చెయ్యి నా ముఖం కన్నా తడిగా ఉంది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

"రేపు అంకాపూర్ దాక నీ ఎనక నేను కూసుంట," అన్నాడు మెల్లగా.

"నువ్వెందుకురా?" అటు తిరిగే అన్నది అత్తమ్మ. "నువ్వు పసుపు ఆరబొయ్యి. పిల్లా, రేపు పొద్దున ఎనిమిదింటికి తయారుండు, నేను పట్టుచీర కట్టుకొని ఎనక కూసుంట. నువ్వు ఆఫీసుల అడుగుపెట్టేది నేను చూడాలె. వచ్చేటప్పుడు మాత్రం నాకు ఆటో మాట్లాడు."